చిన్న గెలుపుకో ఎర్ర చుక్క

ఆదివారం ఉదయం ఆరున్నర. హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీదికి ఎండ ఇంకా రాలేదు. రాయి చల్లగా ఉంది. ఐదు వారాలుగా మీరు ఒకే బండ దగ్గర, ఒకే చోట జారిపోతున్నారు. ఎడమ చేతికి మంచి పట్టే ఉంది. కుడి కాలికి మాత్రం గోరంత అంచు తప్ప ఏమీ లేదు. దాని మీద బరువు వేయాలనుకున్న ప్రతిసారీ గుండె ఝల్లుమంటోంది. ఇవాళ ఎలా కుదిరిందో గానీ, ఊపిరి బిగబట్టి బరువు వేసేశారు. కాలు నిలబడింది. మరుక్షణం చెయ్యి పై అంచును అందుకుంది. బండ మీద కూర్చుని కిందికి చూస్తే, ఐదు వారాల పట్టుదల పదడుగుల ఎత్తులో కనిపించింది.

ఇంటికొచ్చారు. "ఎలా జరిగింది?" అని ఇంట్లోవాళ్లు అడిగారు.

"ఆ, ఏముంది? మామూలే" అన్నారు మీరు.

ఎందుకలా అన్నారు? అది మామూలు రోజు కాదని మీకు తెలుసు. స్నానం చేస్తున్నంతసేపూ ఆ అంచే గుర్తొచ్చింది. అన్నం కలుపుకుంటుంటే అరిగిన వేలికొసలు మండాయి, ఆ మంట కూడా హాయిగానే ఉంది. అంత సంతోషాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారెందుకు?

ఈ అధ్యాయం ఆ "మామూలే" గురించి. రాళ్లెక్కడం నేర్చుకుంటున్నవాళ్లు పట్టు బలం పెంచుకోవడానికి నెలల తరబడి కష్టపడతారు. దొరికిన ఆనందాన్ని నలుగురితో ఎలా పంచుకోవాలో మాత్రం ఎవరూ నేర్పరు. అదీ సాధనతో వచ్చేదే. మొదలుపెడదామా?

నోరు ఎందుకు కట్టేసుకుంటాం?

సాధారణంగా మూడు కారణాలుంటాయి. మీది ఏదో చూసుకోండి.

ఒకటి, గొప్పలు చెప్పుకుంటున్నామని అనుకుంటారేమోనన్న బిడియం. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందనీ, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందనీ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. మంచి మాటే. కానీ ఒక్కసారి ఆలోచించండి, అణిగి ఉన్న విస్తరి ఏం చేస్తుంది? తనలో ఉన్నదాన్ని దాచుకోదు, ఎదుట కూర్చున్న మనిషి కడుపు నింపుతుంది. ఎగిరిపడకుండానే పంచవచ్చని కదా ఆ సామెత చెబుతోంది!

రెండు, దిష్టి తగులుతుందన్న జంకు. ఆ జంకు ఉంటే ఊరందరికీ చెప్పకండి. మీ మంచి కోరేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లకు చెప్పండి చాలు.

మూడోది అన్నిటికన్నా బరువైనది. "నాదీ ఒక గెలుపేనా?" అన్న అనుమానం. అమెరికా క్లైంబర్ అలెక్స్ హొనాల్డ్ 2017లో తాడు లేకుండా ఎల్ క్యాపిటన్ అనే నిలువు బండ ఎక్కాడు, దాదాపు మూడు వేల అడుగులు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే, 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. వాళ్ల ముందు నా పదడుగుల బండ ఎంత, అనిపిస్తుంది. కానీ పూర్ణకు కూడా ఎవరెస్ట్ కన్నా ముందు భువనగిరి బండ ఉంది. ఆమె శిక్షణ ఆ ఏకశిల మీదే మొదలైంది. మొదటి అడుగును చిన్నచూపు చూస్తే రెండో అడుగు పడేదెక్కడ?

ఒలింపిక్స్ సంగతే చూడండి. 2024 పారిస్ పోటీల్లో బౌల్డరింగ్ (తాడు లేకుండా తక్కువ ఎత్తు ఎక్కడం) గోడ పైదాకా వెళ్లినవారికి 25 పాయింట్లు. మధ్యలో గుర్తుపెట్టిన ఒక పట్టును అందుకుంటే 5, ఇంకాస్త పైనున్న పట్టును అందుకుంటే 10. ప్రపంచంలోకెల్లా మేటి క్లైంబర్లకే సగం దారికీ లెక్క కట్టారు. మీ సగం దారిని మీరు సున్నా కింద ఎందుకు కొట్టేస్తారు?

ఏవి చిన్న గెలుపులు?

కొత్తవాళ్లు చాలామంది "పైదాకా వెళ్తేనే చెప్పుకోవాలి" అనుకుంటారు. ఈ జాబితా చూడండి. వీటిలో మీకు ఎన్ని జరిగాయి?

- ఎనిమిది ఆకారపు ముడి ఎవరూ చెప్పకుండా సరిగ్గా వేసుకోవడం.
- కిందికి దించుతున్నప్పుడు రాయిని వదిలి, హార్నెస్‌లో వెనక్కి వాలి తాడును నమ్మడం.
- పట్టులేని నున్నటి స్లాబ్ (వాలు బండ) మీద చేతుల్ని కాక కాళ్లను నమ్ముకుని నాలుగడుగులు వేయడం.
- గాయమై ఆరు నెలలు ఆగి, మళ్లీ బూట్లు తొడుక్కోవడం.
- "ఇవాళ ఒంట్లో బాగాలేదు, దిగిపోతాను" అని ధైర్యంగా చెప్పి దిగడం.

చివరిది మరోసారి చదవండి. వెనక్కి తిరగడం కూడా గెలుపే. దాన్ని నలుగురికీ చెబితే, రేపు భయంతో వణుకుతూ మొండిగా పైకి పోబోయే ఇంకొకరికి దిగివచ్చే ధైర్యం వస్తుంది.

పంచుకోవడానికి ఏడు మెట్లు

1. ముందు మీకు మీరు చెప్పుకోండి.

జర్మనీలో ఫ్రాంకెన్‌యూరా అనే సున్నపురాతి కొండల ప్రాంతం ఉంది. 1970లలో అక్కడ కుర్ట్ ఆల్బర్ట్ అనే క్లైంబర్ ఒక అలవాటు మొదలుపెట్టాడు. రాతిలో దిగ్గొట్టిన మేకులను పట్టుకోకుండా, వాటి మీద బరువు వేయకుండా, చేతులూ కాళ్లే ఆధారంగా ఒక దారిని పూర్తిగా ఎక్కగలిగితే దాని అడుగున ఎర్ర రంగుతో చుక్క పెట్టేవాడు. ఇవాళ ప్రపంచమంతా క్లైంబర్లు వాడే "రెడ్‌పాయింట్" అన్న మాట ఆ చుక్క నుంచే పుట్టింది. ఒక చిన్న ఎర్ర చుక్క ఎంత దూరం వెళ్లిందో చూశారా?

మీరు రాతి మీద రంగు వేయొద్దు. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు, దాన్ని అలాగే ఉండనిద్దాం. మీ చుక్క నోటుపుస్తకంలో పెట్టుకోండి. గుట్ట దిగి బండి ఎక్కకముందే మూడు వాక్యాలు రాయండి. ఎక్కడ ఆగిపోయేవాణ్ని? ఇవాళ ఏం మారింది? ఎవరు సాయం చేశారు? పక్కన ఎర్ర పెన్నుతో ఒక చుక్క. రాత్రికి రాద్దాంలే అనుకుంటే సగం మరిచిపోతారు. కాలు ఎటు తిప్పారో, ఊపిరి ఎప్పుడు వదిలారో ఆ కాసేపే గుర్తుంటుంది.

2. అంకె కాదు, అడుగు చెప్పండి.

బౌల్డరింగ్‌లో కష్టాన్ని కొలవడానికి వీ-స్కేల్ ఉంది. వీ0, వీ1 అంటూ అంకె పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. తోటి క్లైంబర్లకు "వీ2 ఎక్కాను" అంటే అర్థమవుతుంది. మీ చిన్నాన్నకు? ఆఫీసులో పక్క సీటు మనిషికి? పైగా, అంకె చెప్పగానే విన్నవాడు తన అంకె తీస్తాడు. మాట పోటీ అయిపోతుంది.

ఈ రెండు వాక్యాలు చూడండి.

"నిన్న వీ2 కొట్టేశాను."

"ఐదు వారాలుగా ఒక గోరంత అంచు మీద కాలు నిలుపుకోలేకపోయాను. నిన్న మడమ కొంచెం దించి చూశాను, కాలు అతుక్కుపోయింది!"

రెండోది విన్నవాళ్లు ఏమంటారు? "మడమ దించితే ఎందుకు అతుక్కుంటుంది?" అంటారు. అప్పుడు బూటు అడుగు రబ్బరు రాతికి ఎక్కువగా తగులుతుందనీ, రాపిడి పెరుగుతుందనీ చెబుతారు. అక్కడి నుంచి మాట సాగుతుంది. అడిగేందుకు ఎదుటివాళ్లకు ఒక ప్రశ్న మిగిల్చితే, మీ ఆనందంలో వాళ్లకూ చోటు దొరికినట్టే.

3. ఆకు చూసి వడ్డించండి.

పెళ్లి పంక్తిలో మంచి వడ్డన ఎలా ఉంటుంది? పసిపిల్ల ఆకులో గరిటెడు పులిహోర కుమ్మరించరు. ఆకలిగా ఉన్నవాడికి అరచెంచా వేసి వెళ్లిపోరు. సంతోషాన్ని పంచడమూ అంతే.

మీతో ఐదు వారాలూ గుట్టకు వచ్చిన తోడుకు మొత్తం కథ చెప్పండి, ప్రతి వేలు ఎక్కడ పెట్టారో సహా. కొత్తగా నేర్చుకుంటున్నవారికి మీరు పడిన సార్లు ఎక్కువగా, ఎక్కిన ఒక్కసారి క్లుప్తంగా చెప్పండి. రాళ్ల సంగతి తెలియని స్నేహితుడికి ఒక్క ఫొటో, రెండు వాక్యాలు. వాళ్లు ఇంకా అడిగితే ఇంకా వడ్డించండి. చేయి అడ్డం పెడితే నొచ్చుకోకండి.

4. ఇంట్లోవాళ్లకు ముందు తాడు సంగతి చెప్పండి.

"అమ్మా, నిన్న నలభై అడుగులు ఎక్కాను!" అన్నారనుకోండి. అమ్మకు వినిపించేది నలభై అడుగుల నుంచి పడటమే. ఆమె మొహం మాడితే, "వీళ్లకు నా సంతోషం పట్టదు" అని మీరు అలుగుతారు. ఇద్దరిదీ తప్పు లేదు. చెప్పే వరుస మారితే చాలు.

ముందు ఇలా అనండి: "పైన యాంకర్ నుంచి తాడు వస్తుంది, నా నడుముకు కట్టి ఉంటుంది. కింద ఒకరు దాన్ని పట్టుకునే ఉంటారు. ఎక్కేముందు నా ముడి వాళ్లు చూస్తారు, వాళ్ల పరికరం నేను చూస్తాను." ఆ తర్వాత మీ గెలుపు చెప్పండి. వీలైతే తాడు ముక్కతో ముడి వేసి చూపించండి, ఆమె చేత కూడా వేయించండి. భయం తగ్గిన చోటే సంతోషానికి చోటు దొరుకుతుంది.

ఒకవేళ అంతా విని "సరేగానీ, అన్నం తిన్నావా?" అంటే? అదీ జవాబే. మీరు క్షేమంగా వచ్చారన్న ఆనందం ఆమె భాషలో అలాగే ఉంటుంది. అందుకోండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. భయపడతారని అబద్ధం చెప్పి వెళ్లొద్దు. దాచిన చోట గెలుపు కూడా దాచాల్సి వస్తుంది.

5. చేయి వేసినవాళ్ల పేరు చెప్పండి.

ఏ బండనూ ఒంటరిగా ఎక్కం. కింద క్రాష్ ప్యాడ్ జరిపినవాళ్లు, పడితే తల రాతికి తగలకుండా చేతులు చాచి నిలబడ్డవాళ్లు, గంటసేపు మెడ నొప్పెట్టేలా పైకి చూస్తూ తాడు పట్టినవాళ్లు ఉంటారు. "మడమ దించమని తను చెప్పింది, అందుకే కుదిరింది" అన్న ఒక్క మాటతో మీ గెలుపు ఇద్దరిదవుతుంది. గొప్పలు చెప్పుకుంటున్నామన్న బిడియానికి ఇంతకన్నా మంచి మందు లేదు. కృతజ్ఞతతో చెప్పిన మాట ఎవరి చెవికీ డాంబికంగా వినిపించదు.

6. సమయం చూసుకోండి.

మీరు ఎక్కిన దారిలోనే మీ స్నేహితురాలు అప్పుడే నాలుగోసారి జారింది. వేలి చర్మం ఊడింది. కళ్లలో నీళ్లు. "అబ్బ, నాకైతే ఎంత హాయిగా కుదిరిందో!" అనే సమయమా అది?

2014 డిసెంబర్ చివర్లో టామీ కాల్డ్‌వెల్, కెవిన్ జార్జిసన్ ఎల్ క్యాపిటన్ మీద డాన్ వాల్ అనే దారి ఎక్కడం మొదలుపెట్టారు. పదిహేనో అంచె దగ్గర కెవిన్ ఆగిపోయాడు. వేళ్లు చిట్లి, రోజుల తరబడి మళ్లీ మళ్లీ పడ్డాడు. టామీ ఆ కష్టమైన భాగం దాటేశాడు. ఏళ్ల తరబడి కన్న కల అది. ముందుకు వెళ్లి ఒక్కడే పూర్తిచేయగలడు. అయినా ఆగాడు. కెవిన్ కోసం కింద తాడు పట్టుకున్నాడు. 2015 జనవరి 14న, పందొమ్మిదో రోజున, ఇద్దరూ కలిసే పైకి చేరారు. టామీ ఒక్కడే వారం ముందు శిఖరం చేరి ఉంటే, ఆ సంతోషాన్ని ఎవరితో పంచుకునేవాడు?

మీ వార్త ఒక గంట ఆగితే పాడైపోదు. ముందు మీ స్నేహితురాలి బండ సంగతి చూడండి, మీది టీ తాగేటప్పుడు చెప్పుకోవచ్చు.

7. ఫొటోకు హద్దు పెట్టుకోండి.

ఫొటో తీసుకోవడం తప్పేమీ కాదు. ఈ మూడు గుర్తుపెట్టుకోండి. తాడు పట్టుకున్న మనిషి ఫోన్ ముట్టకూడదు. ఇందులో ఏ మినహాయింపూ లేదు, ఫొటోకు మూడో మనిషి కావాలి. వీడియో పెట్టేటప్పుడు జారిపడ్డ ముక్కలు కూడా కలిపి పెట్టండి. చూసే కొత్తవాళ్లకు ఎక్కువ ధైర్యమిచ్చేవి అవే. ఇక, మన గుట్టల మీద గుళ్లూ దర్గాలూ ఉంటాయి, మొక్కుకోవడానికి వచ్చేవాళ్లుంటారు. వాళ్లు నడిచే చోట కేకలు వద్దు. వెళ్లేముందు చాక్ పొడి మరకలను బ్రష్‌తో తుడిచేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

పంచుకోవడమంటే చెప్పడమొక్కటే కాదు. వినడం రెండో సగం. మనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

"అది తేలికే కదా!" ఒకసారి నేనూ ఈ మాట అన్నాను. రెండు నెలలు కష్టపడి ఒక స్లాబ్ ఎక్కి, మెరిసే కళ్లతో దిగివచ్చిన కుర్రాడితో, మెచ్చుకుంటున్నాననే అనుకుని అన్నాను. అతని మొహంలో దీపం ఆరిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. ఆ బండ నాకు తేలిక, అతనికి రెండు నెలలు. ఎత్తు, చేతుల పొడవు, వయసు, భయం, అన్నీ వేరు. ఒకరి బండను ఇంకొకరి కొలతతో కొలవకండి.

అడగకుండానే దారి చెప్పేయడం. "ఎడమ చేయి అక్కడ పెట్టు, కాలు పైకెత్తు" అని కింద నుంచి ఒకటే సలహాలు. పొడుపుకథ విప్పుతున్న పిల్లవాడికి జవాబు చెప్పేస్తే ఏమవుతుంది? విప్పిన ఆనందం వాడికి దక్కదు. ముందు "చెప్పమంటావా?" అని అడగండి. ప్రమాదం కనిపిస్తే మాత్రం అడగాల్సిన పనిలేదు, వెంటనే అరవండి.

"ఏదో అదృష్టం కొద్దీ కుదిరింది." ఎవరైనా మెచ్చుకోగానే మనం వేసే తలుపు ఇది. ఐదు వారాల శ్రమను అదృష్టం ఖాతాలో వేయకండి. "థాంక్సండీ, చాలా కష్టపడ్డాను" అనండి. మొదట్లో నాలుక తడబడుతుంది. నాలుగోసారికి అలవాటవుతుంది.

"నేనైతే..." అని అందుకోవడం. ఎదుటివాళ్లు తమ సంతోషం సగం చెప్పకముందే మన కథ మొదలెట్టేస్తాం. దానికి బదులు ఈ మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. "అన్నిటికన్నా కష్టమైన చోటేది?" "అక్కడ ఏం మార్చావు?" "పైకి చేరాక ఎలా అనిపించింది?" ఈ మూడూ అడిగి చూడండి, చెప్పేవాళ్లు మరోసారి ఆ బండ ఎక్కుతారు. మీరు కింద తాడు పట్టుకున్నట్టే.

ఈ వారం చేయాల్సినవి

ఒక చిన్న నోటుపుస్తకం, ఒక ఎర్ర పెన్ను కొనండి. ఈ ఆదివారం ఒక గెలుపు రాసి చుక్క పెట్టండి. దాన్ని ఒక్కరికి చెప్పండి, అంకె లేకుండా. ఇంకొకరి గెలుపు మూడు ప్రశ్నలతో వినండి. అంతే. చెప్పింది ఒకటి, విన్నది ఒకటి.

"వినేవాళ్లే లేరండీ, ఇంట్లో ఎవరికీ ఈ రాళ్ల గొడవ తెలియదు" అంటారా? అయితే ఒక ముచ్చట చెప్పి ఆపుతాను.

భువనగిరి దగ్గరి పల్లె కుర్రాడు ఒకడు ఆ ఏకశిల మీద క్లైంబింగ్ నేర్చుకున్నాడు. తండ్రి కల్లు గీసే మనిషి. కొడుకు ఏడాదిపాటు ఇంట్లో ఏమీ చెప్పలేదు, నాయినకు ఇదంతా ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఒక సాయంత్రం ఉండబట్టలేక చెప్పేశాడు. "నాయినా, ఇన్నొద్దులు చేతులతోనే గుంజుకుంటుంటి. ఇయ్యాల కాలు మీద బరువేసిన. నిలబడ్డది."

తండ్రి కాసేపు మాట్లాడలేదు. గోడకు తగిలించిన, చెట్టెక్కే మోకు వైపు చూసి అన్నాడు: "మేం చెట్టు మీద జేసేది గదే గదరా. కాలు కుదిరినంకనే మోకు జరపాలె. నాకు మా నాయిన నేర్పిండు."

ముప్పై ఏళ్లుగా రోజూ తాటిచెట్లెక్కుతున్న మనిషి. తన మొదటి చెట్టు ఎలా ఎక్కాడో, సగంలో కాళ్లు ఎలా వణికాయో ఆ రాత్రి మొదటిసారి కొడుకుకు చెప్పాడు. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ అడగలేదు మరి.

ఆ రోజు కుర్రాడి పుస్తకంలో రెండు చుక్కలు పడ్డాయి. ఒకటి తనది, ఒకటి నాయినది.